పార్థసారథి గారి సంతకం

జ్యోతిర్మయి దొంగసంతకం పెట్టాలని నిశ్చయించుకుంది. తార్నాకలోని తన అద్దె గదికి లోపల గడియ పెట్టి, ఆరేళ్ల కింద సమర్పించిన పీహెచ్‌డీ థీసిస్ ముందు పేజీ తెరిచింది. "ఈ పరిశోధన నా పర్యవేక్షణలో జరిగింది" అన్న మాటల కింద గైడు పార్థసారథి గారి సంతకం ఉంది. దాన్ని చూస్తూ తెల్లకాగితం మీద దిద్దడం మొదలుపెట్టింది.

ఆమెది వేరుశనగకు వచ్చే తిక్క తెగులు మీద పరిశోధన. ఆకు మీద మచ్చ కనిపించక ముందే ఆ తెగులును పట్టేసే పద్ధతి కనిపెట్టింది. అసాధారణ ప్రతిభ గలవాళ్లకు అమెరికా ఇచ్చే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకుంటోంది. ఆమె అసాధారణురాలని ఆరుగురు పెద్దలు ఉత్తరాలివ్వాలి. ఇలాంటి ఉత్తరాలు ఎవరి గొప్ప వాళ్లే రాసుకుని పట్టుకెళ్లడం, పెద్దలు కింద సంతకం పెట్టడం ఆనవాయితీ. ఐదుగురు టీ చల్లారేలోపు పెట్టేశారు. ఆరో పెద్దమనిషి పార్థసారథి గారు.

ఆయన నిజాయితీకి క్యాంపస్ అంతా దణ్ణం పెడుతుంది. అక్షరం అక్షరం చదవందే సంతకం పెట్టరు. నాలుగు పేజీల ఉత్తరం ఆయన చేతికిచ్చి ఐదు వారాలైంది.

"రెండో పేజీలో ఉన్నానమ్మా," అన్నారు మొన్న అడిగితే. "నీ పద్ధతి అద్భుతం అని రాశావు. మరీ అంత అద్భుతమా అని ఆలోచిస్తున్నాను."

దరఖాస్తు పంపే లాయరు శుక్రవారం దాకే గడువిచ్చాడు. ఇది తప్పితే వేరే దారి లేదు; మార్చిలో ప్రాజెక్టు ఉద్యోగం కూడా అయిపోతుంది. తొమ్మిదేళ్ల చాకిరీ ఒక్క సంతకం దగ్గర ఆగిపోయిందంటే ఆమెకు ఏడుపొచ్చింది.

డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ కాగితం కోసం వెళితే అటెండర్ గట్టయ్య ఎందుకని కూడా అడగలేదు. పైగా రెండు ఎక్కువే ఇచ్చాడు.

"సంతకం సంగతి గూడ నన్నే జూడమంటరా మేడం?"

"వద్దు గట్టయ్యా, అది నేనే చూసుకుంట," అంది జ్యోతిర్మయి, ముఖం తిప్పుకుని.

నలభై మూడోసారికి సంతకం అచ్చుగుద్దినట్టు వచ్చింది. ఉత్తరం లాయరుకు వెళ్లింది. నాలుగు నెలలకు అప్రూవల్ వచ్చింది.

ఆ సంతోషంలో చేసిన పని కూడా మరచిపోయి, లడ్డూల డబ్బాతో క్యాంపస్‌కు పరిగెత్తింది.

"సార్, నాకు అప్రూవల్ వచ్చింది!"

లడ్డూను నోటి దాకా తెచ్చుకున్న పార్థసారథి గారు అక్కడే ఆగిపోయారు.

"ఎలా వచ్చిందమ్మా? నేనింకా మూడో పేజీలోనే ఉన్నానే!"

తను చేసిన పని జ్యోతిర్మయికి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ముందు అబద్ధం ఆడలేకపోయింది. ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది.

"తప్పయింది సార్. నా థీసిస్‌ల మీ సంతకం చూసే నేర్చుకున్న."

పార్థసారథి గారు లడ్డూను మళ్లీ డబ్బాలో పెట్టేశారు.

"నా పేరు మీద దొంగసంతకమా! నేను చదవకుండా ఈ డిపార్ట్‌మెంట్‌లో ఒక్క కాగితం కదల్లేదే ఇన్నేళ్లుగా! తెలిసీ ఊరుకుంటే నేనూ దొంగనే. ఇప్పుడే ఆ ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు రాస్తాను."

అన్నంత పనీ చేశారు. ఆ ఉత్తరం మీది సంతకం తనది కాదనీ, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దనీ నాలుగు ముక్కలు రాశారు. కోపంలో రాసింది తిరిగి చదువుకోకుండానే, జీవితంలో మొదటిసారి, టపీమని సంతకం పెట్టేశారు.

"గట్టయ్యా! సీలు వేసి వెంటనే పంపించు."

గట్టయ్య కాగితం తీసుకున్నాడు. దాన్ని చూశాడు, ఆమెను చూశాడు, తిరిగి దాన్ని చూశాడు. నిట్టూర్చి జేబులోంచి పెన్ను తీశాడు.

"సారూ, గీ సంతకం నడ్వది, దొంగసంతకమంటరు. మీరు సదివేదాంక గడువులు ఆగయని, ఇరవై ఏండ్ల సంది రికార్డులల్ల, గీ మేడం థీసిస్‌ల గూడ, మీ సంతకం నేనే పెడ్తున్న గద... ఇంకో కాగితమియ్యుండ్రి, మంచిగ పెట్టి ఇస్త."