మర్డో దారం తెగే రోజు

“సాల్మన్‌కైతే పదిహేను పౌన్లు ఆపే దారం కావాలి మర్డో. ఎనిమిదితో సీ ట్రౌట్‌లాంటి చిన్న చేపల్ని పడతారు. పోయినేడు తెగింది. అంతకుముందేడూ తెగింది. మళ్ళీ ఎనిమిదేనా?”

గాలాల దుకాణంలో బల్లకి అవతల నిలబడి అడిగింది ఎల్స్‌పెత్.

మర్డో తన బొజ్జని బల్లకి ఆనించాడు. “లావు దారాలు చేతకానివాళ్ళకమ్మా! చేవ చేతిలో ఉండాలి, చేంతాడులో కాదు.”

మర్డో తెగువంతా తెగడంలోనే ఉంది.

పన్నెండేళ్ళ కిందట ఎల్స్‌పెత్ మొగుడు ఫిన్లే వంతెన మడుగులో ముప్ఫై ఒక్క పౌన్ల సాల్మన్‌ని పట్టాడు. అంత చేప ఆ ఊరి ఏరులో ఎప్పుడూ ఎవరికీ పడలేదు. పబ్బువాళ్ళు ముచ్చటపడి అదే కొలతకి చెక్క చేప చేయించి గోడకి తగిలించారు.

మరుసటేడు అదే మడుగులో మర్డో దారం తెగింది.

“నలభై పౌన్లు! కళ్ళారా చూశాను!” అన్నాడు. ఇంకెవరూ చూడలేదు. అక్కడితో ఆగితే గాలం వేసినవాడి గాలి కబురే కదా అని ఊరు నవ్వుకుని ఊరుకునేది. మర్డో ఆగలేదు. “అంత చేప పడితే ఎవడి దారమైనా తెగాల్సిందే. మరి ఫిన్లేది ఎందుకు తెగలేదు? వాడు వల వేశాడర్రా!”

గాలంతో తప్ప చేప పట్టకూడని ఆ ఏటి ఒడ్డున వల అన్న మాట తిట్టు కన్నా పెద్దది. గోడ మీంచి చెక్క చేప దిగింది. దాని చోట, అద్దాల చట్రంలో, మర్డో తెగిన దారం ఎక్కింది. ఫిన్లే గాలపు కర్ర అటకెక్కింది. మూడేళ్ళకి ఫిన్లే మట్టిలోకి దిగాడు.

“నేను వల వెయ్యలేదే,” అన్నాడు ఆఖరి రోజున. ఆ సంగతి ఎల్స్‌పెత్‌కి తెలుసు. తెలియాల్సింది ఊరికి.

చేపల సీజను ముగిసే రోజు వంతెన మడుగులో గాలం ఆఖరి విసురు ఎవరిదో తెలుసా? అందరికన్నా పెద్ద చేపని పోగొట్టుకున్నవాడిది. పట్టినవాడికి ఎలాగూ చేప ఉంది, పోగొట్టుకున్నవాడికి పరువైనా ఉండొద్దా అని పాతకాలపు పెద్దలు పెట్టిన కట్టుబాటు. ఆ విసురు చూడ్డానికి ఊరంతా ఒడ్డుకి దిగుతుంది. ఇన్నేళ్ళుగా ఆ విసురు మర్డోదే. ఏటా చేప పడుతుంది. ఏటా దారం తెగుతుంది. ఏటా ఆ చేప రెండు పౌన్లు పెరుగుతుంది. చలికాలమంతా దాని కథ చెప్పి మర్డో ఊరి విస్కీ తాగుతాడు. కథ చివర ఫిన్లే వలకి ఒక చురక.

“ఉండు, తెస్తాను,” అని ఎల్స్‌పెత్ వెనక గదిలోకి వెళ్ళింది. పాత దారపు చుట్ట మీది చీటీ జాగ్రత్తగా పీకింది. వేరే చుట్టకి అంటించింది. చీటీ మీద ఎనిమిది. లోపల ఎనిమిది కాదు.

ఈ కాలపు దారాలన్నీ సాలెపోగులే, చూపుకి తేడా తెలియదు. కళ్ళజోడు పెడితే వయసు బయటపడుతుందని పెట్టుకోని మర్డోకి అసలే తెలియదు.

“ముడి కూడా నేనే వేసిస్తాలే,” అంది ఆవిడ.

“అబ్బో! నా మీద ఇంత అభిమానం ఎప్పట్నించీ?”

“నిన్ను తలుచుకోని రోజు లేదు మర్డో.”

మిగులు దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికింది.

ఆ సాయంత్రమే ఆఖరి విసురు. నాలుగింటికి సన్నగా తుంపర. ఒడ్డున ఊరు ఊరంతా ఉంది. ఎల్స్‌పెత్ పక్కన ఏటి కాపలాదారు ఆర్చీ నిలబడ్డాడు. మర్డో నడుం లోతు నీళ్ళలోకి దిగి, అందరికీ టోపీ ఎత్తి చూపించి, మడుగు మధ్యకి విసిరాడు.

మూడు నిమిషాలు గడిచాయి. కర్ర విల్లయింది.

“పడిందర్రా!” అని అరుస్తూ మర్డో ఒడ్డు అంచుకి జరిగాడు. “పాత మిత్రుడే! అడుగున బిగుసుకు కూచున్నాడు! పెద్దవాళ్ళంతా ఇంతే, అలుగుతారు!”

“దారం వదులు మర్డో! కాస్త వదలవయ్యా!” ఒడ్డు మీంచి కేకలు.

మర్డో గొప్పలు తప్ప ఏదీ వదిలేవాడు కాడు. రీలు అరచేత్తో బిగబట్టి వెనక్కి వాలాడు.

“తెగుతుందమ్మా,” అన్నాడు ఆర్చీ దిగులుగా. “ప్రతీ ఏడూ ఇంతే.”

“చూద్దాం,” అంది ఎల్స్‌పెత్. అందరూ నీళ్ళకేసి చూస్తుంటే ఆవిడ దారాన్నే చూస్తోంది.

మర్డో ఇంకా గట్టిగా లాగాడు. మొహం ఎర్రబడింది. దారం చేతికి చుట్టుకుని, మడమలు బురదలో దిగేసి, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగాడు. దారం జివ్వుమంది. అంతసేపూ ఎర్రగా ఉన్న మొహం ఉన్నట్టుండి పాలిపోయింది.

అడుగున ఏదో కదిలింది.

“వస్తోంది! వస్తోందర్రా!” అని ఆర్చీ గెంతాడు.

ఎనిమిది చీటీ తగిలించుకున్న ఆ ఇరవై పౌన్ల దారం తెగలేదు సరికదా, ఊరంతా చూస్తుండగా నీళ్ళు కార్చుకుంటూ గులకరాళ్ళ మీదికి ఈడ్చుకొచ్చింది, ఏడాదికొకటి చొప్పున మర్డో పదకొండు గాలాలూ వరసగా గుచ్చుకుని ఉన్న నానిన చెట్టుకొమ్మని.