తయారీదారు పేరు

"ఆ కడ్డీ గట్టిగా అదిమి పట్టుకో బాబూ. కదిలిందంటే రివెట్టు వంకర పోతుంది," అంది వెర్లా హౌగెన్.

కెస్లర్ కోటు విప్పేసి, విమానం రెక్క కింద కూర్చుని కడ్డీ పట్టుకున్నాడు. నిజానికి అతను ఒక్క మాట చెప్పి వెళ్లిపోదామని వచ్చాడు. అరవై ఏడేళ్ల వెర్లా, అమెరికాలోని ఆరెగాన్‌లో తన కారు షెడ్డులో, ఒక చిన్న కంపెనీ పంపే విడిభాగాలతో తొమ్మిదేళ్లుగా సొంత విమానం కట్టుకుంటోంది. ఆ కంపెనీని కెస్లర్ పనిచేసే పెద్ద విమానాల కంపెనీ కొనేసింది.

"మేడమ్, ఈ మోడల్ ఆపేశాం. తోక భాగాలు ఇక రావు."

"తోక లేకుండా ఎగరమంటావా?"

"మా రెడీమేడ్ విమానం తీసుకోండి. మీరు వేలు కూడా కదపక్కర్లేదు."

"వేలు కదపడానికే కదయ్యా ఇదంతా! డ్రాయింగులు ఉన్నాయి. రేకు నేనే కోసుకుంటాను."

కెస్లర్ జాలిగా చూశాడు. "ఇలాంటివి తయారుచేసేవాళ్లు ఎనిమిది మంది ఉండేవారు మేడమ్. అందర్నీ మేమే కొనేశాం. ఇక ఎవరూ మిగల్లేదు."

వెర్లా గోడ మీది అరలోంచి చిన్న ఉక్కు ఫలకం తీసి అతని చేతిలో పెట్టింది. "విమానానికి బిగించాల్సింది. చదువు."

'తయారీదారు: వెర్లా హౌగెన్.'

"ఇక్కడ కంపెనీ పేరు కదా ఉండాలి?"

"సగానికి పైగా ఎవరు కడితే వాళ్లే తయారీదారు. సర్కారు రూలే అది."

కెస్లర్ ఆ పేరు మళ్లీ చదివాడు.

"మా రికార్డుల్లో మీరు కస్టమర్ అని ఉంది," నసిగాడు.

"దిద్దుకో. పోటీ కంపెనీ అని రాసుకో."

కెస్లర్ నవ్వబోయి, ఆగి, జేబులోంచి పెన్ను తీశాడు.