అన్నం ఎవరు వండారు?

పంజాగుట్టలో సన్మాన సభ మొదలై అరగంటైనా లోయిస్ కోపం దిగలేదు.

ఒళ్లో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి 'భూలక్ష్మి మెస్', చదివి చదివి అంచులు నలిగిపోయింది. రెండోది దాని రెండో భాగం, కొత్తది. దాన్ని విసిరికొట్టాలన్నంత మంటగా ఉంది.

మొదటి భాగం లోయిస్‌కి మామూలు నవల కాదు. నాన్న పోయి, బోరబండలో అద్దింటి సామాను రోడ్డున పడ్డ రోజుల్లో, అమీర్‌పేటలో ఒక్క పొయ్యితో మెస్ పెట్టి ఎవరికీ తలవంచని భూలక్ష్మి కథే ఆమెను నిలబెట్టింది. ఇవాళ మైత్రీవనం కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతోందంటే ఆ చలవ భూలక్ష్మిదే.

అలాంటి భూలక్ష్మి రెండో భాగంలో, తనను వెళ్లగొట్టిన మొగుడి కాళ్లే పట్టుకుంది!

మరి తను నేర్చుకున్న ధైర్యమంతా ఉత్తదేనా? ఆ ఒక్క మాటా రచయిత జోగారావు గారిని అడుగుదామనే వచ్చింది.

చివరి వరుసలో పక్కన ఒక పెద్దావిడ. ముందు కూర్చుని కునుకు తీస్తే అందరికీ కనిపిస్తుందని వెనక కూర్చున్నానంది.

"పుస్తకం నచ్చలేదా ఏంటమ్మా?" అని మెల్లగా అడిగింది.

అడగడమే ఆలస్యం, లోయిస్ కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"మొదటిదాంట్ల పేజీ పేజీకి అన్నం ఉడుకుతది ఆంటీ. గంజి వార్చంగ ఆమె చెయ్యి కాలితే మనకు సుత మండుతది. గీ రెండోదాంట్ల అందరు తింటరు, లేస్తరు. వండిందెవరో లేదు. అన్నం దానంతటదే పళ్లెంల పడ్తది."

పెద్దావిడ కళ్లు మెరిశాయి.

"ఆ సంగతి ఇంకెవరూ పట్టుకోలేదమ్మా," అంది.

"రాసినాయనే భూలక్ష్మిని మర్చిపోయిండు," అంది లోయిస్.

అంతలో వేదిక మీద శాలువాలు బయటికి తీశారు. మన సభల సంగతి తెలిసిందేగా, ఆయనొక్కరికే కప్పితే నిండుగా ఉండదు, పక్కన ఇల్లాలు నిలబడాలి. శ్రీమతి కమలకుమారి గారు వేదిక మీదికి రావాలని మైకులో పిలిచారు.

పక్కనున్న పెద్దావిడ లేచింది.

లోయిస్ నాలుక కరుచుకుంది. ఆవిడ మాత్రం ఆమె భుజం తట్టి, సభయ్యాక ఆ పాత పుస్తకం తీసుకుని సంతకానికి రమ్మని చెప్పి వెళ్లింది.

రమ్మన్నాక వెళ్లకపోతే బాగుండదని లోయిస్ వరుసలో నిలబడింది. నలిగిన పుస్తకం చూడగానే జోగారావు గారు మురిసిపోయి పెన్ను తీశారు.

"అది ఇటివ్వండి," అంది కమలకుమారి.

ఆయన నవ్వబోయారు. ఆవిడ నవ్వలేదు. పుస్తకమూ పెన్నూ అందుకుని, నిలబడే ఏదో రాసింది. తొంగిచూసిన ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

ఇంటికెళ్లి మాట్లాడుకుందామని ఆయన గొణిగారు.

"ఇంట్లో చాలానే మాట్లాడుకున్నాం," అని, తన భుజం మీది శాలువా మడిచి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత లోయిస్ వైపు తిరిగింది.

"భూలక్ష్మి ఎవరి కాళ్లూ పట్టుకోలేదమ్మా. నీ ధైర్యం ఎక్కడికీ పోదు. ఆ పొయ్యి మళ్లీ వెలుగుతుంది."

అంతే, తలెత్తుకుని ఒక్కతే మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ నడకలో ఎంత ఠీవి!

లోయిస్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. తన నోటిదురుసు వల్ల మొగుడూ పెళ్లాల మధ్య గొడవైందేమోనని, మెట్రో స్టేషన్ దాకా దిగులుపడుతూనే నడిచింది.

అక్కడ దీపం కింద ఆగి పుస్తకం తెరిస్తే, లోపలి పేజీలో అచ్చయిన జోగారావు పేరును ఒక్క గీతతో కొట్టేసి, దాని కింద గుండ్రటి అక్షరాలతో 'కమలకుమారి' అని సంతకం చేసి ఉంది.