బూట్లు విప్పిన చోటు

బస్టాండులో కానిస్టేబుల్ తన వైపే పరిగెత్తుకొస్తుంటే ఆ అమ్మాయి గోడ దూకింది. రెండు సందులు దాటింది. మూడో సందు చివర దారి లేదు. పదకొండు నెలలుగా పరిగెత్తుతున్న కాళ్ళు ఇక మావల్ల కాదన్నాయి.

తానే నడుచుకుంటూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది.

"మా అన్నయ్యని మెట్ల మీంచి తోసేశాను. చచ్చిపోయాడు," అంది బల్ల వెనక కేసులు రాసుకుంటున్న రైటర్‌తో. "ఇందాక బస్టాండులో మీ కానిస్టేబుల్ నా వెంటపడ్డాడు. లోపలెయ్యండి సార్. ఎప్పుడు లేచి పారిపోవాలోనని రోజూ బూట్లతోనే పడుకుంటున్నాను."

రైటర్ కంప్యూటర్‌లో వెతికాడు. ఎక్కడా కేసు లేదు. ఆమె ఇంటి నంబరు అడిగి, ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"హలో," అన్నాడు అన్నయ్య.

ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. రైటర్ ఆమె గురించి అడిగాడు.

"చెల్లెలా? అది వెళ్ళి ఏడాది కావస్తోంది కదండీ. ఎక్కడో ఉద్యోగంలో కుదురుకుందనుకున్నాం. నా కాలు ఎప్పుడో అతుక్కుంది, కేసూ గీసూ ఏం లేదు." డ్యూటీకి టైమైందని పెట్టేశాడు.

"బస్టాండులో మావాడు బస్సు కోసం పరిగెత్తి ఉంటాడు. నిన్నెవరూ వెతకడం లేదమ్మా," అన్నాడు రైటర్. "ఇంక ఎక్కడికైనా వెళ్ళొచ్చు."

ఆమె వెళ్ళలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుని, వంగి, బూట్ల లేసులు విప్పుకోసాగింది.