లతీఫ్ కొలతలు

యూనిఫారం చేతులు మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. అది తొడుక్కుని లైలుమా గది మధ్యలో నిలబడితే వాళ్లమ్మ మాహ్‌గుల్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాబూల్ వైమానిక స్థావరంలో ఇచ్చిన యూనిఫారం అది. మగ పైలట్లకి కుట్టింది. అంతకన్నా చిన్నది వాళ్ల దగ్గర లేదు. అక్కడ విమానం నడపడం నేర్చుకున్న మొదటి ఆడపిల్ల లైలుమాయే మరి. గురువారం పెద్ద అధికారులందరి ముందూ ఆమెకి పైలట్ బ్యాడ్జి పెడతారు.

తండ్రి సరూర్‌కి మాత్రం ఆఫీసులో టైపు కొట్టే ఉద్యోగమని చెప్పారు. ఊళ్లో సైన్యంలో చేరిన ఆడపిల్లల ఇళ్లకి బెదిరింపు ఉత్తరాలు వస్తున్నాయి. తెలిస్తే ఆయన గడప దాటనివ్వడని తల్లీకూతుళ్ల భయం.

చిక్కేమిటంటే ఆ పేటలో చెయ్యి తిరిగిన దర్జీ ఆయనే. మిగతా ఇద్దరూ ఆయన శిష్యులు. గుడ్డ ముట్టుకోకముందే గురువుగారికి కబురు పెడతారు.

మాహ్‌గుల్ తాడుకి ముళ్లు వేసి కూతురి కొలతలు తీసి, యూనిఫారం మూటగట్టి, నేరుగా మొగుడి కొట్టుకే వెళ్లింది. పక్కవీధి జర్మీనా మేనల్లుడు లతీఫ్‌దని, పైలట్ అని, డ్యూటీలో ఉండి రాలేకపోయాడని చెప్పింది.

సరూర్ కళ్లజోడు పైకి తోసుకుని తాడు ముళ్లు తడిమి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ నడుమేమిటే? వీడు విమానాన్ని ఎగరేస్తాడా, గాలికి వీడే ఎగిరిపోతాడా?"

"తిండి సరిగ్గా తినడు పాపం."

"మొండివాడా?"

"మహా మొండి."

"ఎవరి పోలిక?"

"వాళ్ల నాన్నదే," అనేసి మాహ్‌గుల్ నాలుక్కరుచుకుంది.

సరూర్ సూదిలో దారం ఎక్కించబోయాడు. మూడుసార్లు తప్పింది.

"ఆ తండ్రికి తెలుసా?"

"చెప్పలేదట. తెలిస్తే కాళ్లు విరగ్గొడతాడని."

"అంత దుర్మార్గుడా?"

మాహ్‌గుల్ ఆయనకి టీ పోసింది.

ఆ నాలుగు రోజులూ ఆయన లతీఫ్‌ని తిట్టని పూట లేదు. భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటే చాలు, ఆ చీపురుపుల్ల గుర్తొచ్చేవాడు. నువ్వూ వాడిలా తయారవుతావంటూ లైలుమా పళ్లెంలో పలావు, మాంసం ముక్కలు కుమ్మరించేవాడు. ఆమె తల ఎత్తకుండా తినేది.

గురువారం పొద్దున్నే ఆయన మూట తెచ్చి గుమ్మంలో పెట్టాడు. లతీఫ్‌కి అందించమని చెప్పి, వెనక్కి చూడకుండా కొట్టుకి వెళ్లిపోయాడు.

లైలుమా తొడుక్కుంది. ఒంటికి అతికినట్టు సరిపోయింది. అంతటి మనిషిని ఎంత తేలిగ్గా బుట్టలో పడేశామోనని తల్లీకూతుళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

మెడకి ఏదో గరుకుగా తగులుతోందని లైలుమా కాలర్ మడత విప్పి చూస్తే, పైకి కనబడని చోట నీలం దారంతో సన్నగా అక్షరాలు కుట్టి ఉన్నాయి: "లైలుమా తల్లీ, నెమ్మదిగా నడుపు."