ఊడని ముడి

"ఆ మగ్గాల పిల్ల మా గడప తొక్కిందా, నేను సముద్రంలో దూకుతా," అంది కోటమ్మ, ఖాళీ చేపల గంపను సీటు కిందికి తోస్తూ.

రేపల్లె పాసింజరు తెనాలి దాటింది. ఎదురుగా కూర్చుని వలముడి నేర్చుకుంటున్న ఇందు చేతిలో దారం ఆగిపోయింది.

"పాపం, అంత ఏం చేసింది పిన్నీ?"

"ఏం చేసిందా? తెనాలిలో సెల్లు షాపులో పనిచేసుకునే నా కొడుకుని బుట్టలో వేసుకుంది. చేప తోమడం వచ్చా దానికి? వల అల్లడం వచ్చా? నువ్వు చూడు అనూరాధా, ఎంత తొందరగా పట్టేశావో! ఇంకొంచెం బిగించు. మా ముడి ఉప్పునీళ్ళలో నానినా జారకూడదు."

ఇందు బిగించింది. పేరాలలో నాన్న మగ్గం మీద తెగిన పోగులు అతికిన వేళ్ళవి. 'ముందు మా అమ్మకి నచ్చు, సంగతి తర్వాత చెబుదాం' అన్నాడు ఉదయ్. అందుకే పెద్దమ్మ కూతురు అనూరాధ పేరు చెప్పుకుని, వేమూరులో తను ఉంటున్న అత్తయ్య ఇంటికి వెళ్ళే ఈ సాయంత్రపు బండిలో రోజూ కోటమ్మ దగ్గర చేరుతోంది. తిట్లన్నీ ఇందుకి, ముద్దంతా అనూరాధకి. ఈమధ్య బండిలో లేని ఆ మనిషి మీద అసూయగా కూడా ఉంటోంది.

"ఆదివారం మావాడికి పిల్లని చూడ్డానికి పోతున్నాం."

దారం మళ్ళీ ఆగింది. "ఎక్కడికి?"

"బాపట్ల దాటాలిలే."

"మీ అబ్బాయి ఒప్పుకున్నాడా?"

"వాడికింకా చెప్పలేదు. చెబితే ఎగిరి గంతేస్తాడు."

వేమూరు దగ్గరపడుతోంది. ఇంకా దాచితే అనూరాధే మిగులుతుంది, తను మిగలదు. ఇందు తల వంచుకుంది. పొద్దున ఉదయ్ ఇచ్చిన కనకాంబరాల మాల జడ మీంచి ముందుకు జారింది. వాడిపోయింది గానీ ఒక్క పువ్వూ రాలలేదు.

"పిన్నీ, నేను అనూరాధని కాదు. ఆ మగ్గాల పిల్లని నేనే. ఇందుని."

కోటమ్మ కిటికీలోంచి అరటితోటలు చూస్తూ కూర్చుంది. బండి నెమ్మదించింది.

"ఆదివారం మీ నాన్నని మగ్గం దిగి, కాస్త చొక్కా వేసుకుని కూర్చోమను," అంది చివరికి. "ఇక పిన్నీ గిన్నీ అనకు. అత్తా అను."

ఇందు తలెత్తింది. "మీకు... ఎప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే," అంటూ కోటమ్మ ఆ మాలను తిరిగి జడలో తురిమింది. "షాపులో దేవుడి పటానికని మావాడు రోజూ ఇంటినుంచి పట్టుకెళ్ళే మాలకి ఈ ముళ్ళు వేసేది నేనేగా!"