హార్ట్ షేపు బయట

చర్చి తెర మీద హార్ట్ ఆకారంలో కత్తిరించిన ఫొటో ఒకటి వెలిగింది.

అందులో షెకీనా నవ్వుతోంది. ఆమె భుజానికి భుజం ఆనించి, కీబోర్డు వాయించే రోనాల్డ్.

సరిగ్గా అప్పుడే పాస్టర్ డేవిడ్ రాజు షెకీనా, జయకర్‌ల పెళ్లి ప్రకటన చదువుతున్నారు. వరుసగా మూడు ఆదివారాలు చదివేవాటిలో ఇదే ఆఖరిది. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే..." దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది.

తెర ఆపేసి, ఆ జంటనూ సంబంధించినవాళ్లనూ పక్కగదిలోకి తీసుకెళ్లి తలుపు వేశారు. బయట సంఘమంతా గుసగుసలాడుతోంది.

"అందరు చూసిండ్రు," అంది జయకర్ తల్లి ఆలిస్. "ఇంకేం పెళ్లి అయ్యగారూ?"

"ఆంటీ, నేను..."

"నువ్వు మాట్లాడకు పిల్లా. తెర మీద మస్తు నవ్వినవ్ గదా, చాలు."

బ్యూలా వైపు చూశారు పాస్టర్. ప్రతి ఆదివారం స్లైడ్లు పెట్టేది ఆమే. రోనాల్డ్ భార్య కూడా ఆమే.

"అందరు పుట్టినరోజు ఫొటోలు పంపే చర్చి మెయిల్‌కి ఇది స్లైడ్ లెక్క వచ్చింది అయ్యగారూ. పంపినోళ్ల పేరు లేదు. అన్నీ కలిపి పెట్టేసిన, చూసుకోలే."

"చూసుకోలేదా, చూసే పెట్టినవా?" ఆలిస్ అడిగింది. "నీ మొగని మీద నీకే డౌటా?"

బ్యూలా షెకీనా వంక చూసింది. అవసరమైనదాని కంటే ఎక్కువసేపే చూసింది.

షెకీనా జయకర్ వైపు తిరిగింది.

"నువ్వు సుత నమ్ముతున్నవా?"

"నేనేం చెప్పాలె? ఆ ఫొటో ఇప్పుడే ఫస్ట్ టైం చూస్తున్న. ఎక్కడ దిగినవో నీకే తెల్వాలె."

బ్యూలా వెంట తెచ్చిన లాప్‌టాప్‌ను షెకీనా తన వైపు లాక్కుంది.

"ఏం చేస్తున్నవ్?" జయకర్ గొంతు మారింది.

"బడిలో పిల్లలకు రోజూ స్లైడ్లు చేస్త. షేపుల కోసినా మిగతా ముక్క ఎటూ పోదు. దాక్కుంటది."

ఫొటో మీద నొక్కి, క్రాప్ అన్న చోట మళ్లీ నొక్కింది.

హార్ట్ చుట్టూ మసకగా మిగతా ఫొటో తేలింది.

యాప్రాల్‌లో జరిగిన చర్చి పిక్నిక్. పాటలు పాడే క్వాయర్ అంతా ఉంది. రోనాల్డ్ చేయి పట్టుకుని, హార్ట్ వంపు అవతల బ్యూలా.

ఇవతలి అంచున సగం మొహం. అక్కడి నుంచి కెమెరా వైపు చాచిన చేయి.

సెల్ఫీ.

జయకర్ లాప్‌టాప్ మూత వేయబోయాడు. ఆలిస్ అతని మణికట్టు పట్టుకుంది.

కళ్లజోడు పెట్టుకుని తెర మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"ఫొటో దిగిన చెయ్యి నీదే. అందుకేనారా, పెళ్లి జెర ఆగుదమని నా పానం తీసినవ్?"

"అమ్మా, బయటికి పోయి మాట్లాడుకుందం..."

"ఆ పిల్లకు అవమానం అయ్యింది బయటనే గదా."

ఆమె తలుపు తీసింది. గుసగుసలు ఆగిపోయాయి.

"నేను చెప్తానమ్మా," పాస్టర్ వెనకే వచ్చారు.

"వద్దయ్యగారూ."

ఆలిస్ కొంగు సర్దుకుని మైకు ముందు నిలబడింది.

"ఆ ఫొటో కోసి పంపింది జయకర్. నా కొడుకు."